‘సర్‌ప్రైజింగ్ రాపిడిటీ’: ఆశ్చర్యం ఎవరికి?



పోస్టు కొంచెం పెద్దది. చార్జింగ్ ఉన్నప్పుడు, సిగ్నల్ దొరికినప్పుడు ఓపిగ్గా చదవండి. మేము నలుగురం హాస్టల్లో ఒకే రూములో ఉంటాం. డిగ్రీలో హిస్టరీ తీసుకున్నాం. మా నలుగురి ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. కాబట్టి తప్పులుంటే పెద్దవాళ్లు సరిచేయండి, కోపగించుకోకండి.

సంగతి ఏంటంటే, మొన్న మా క్లాసులో సెమినార్ పెట్టారు. ఒక్కో గ్రూపుకి ఒక్కో టాపిక్. మాకు రంప తిరుగుబాటు వచ్చింది. “మీరు ఆ ఏరియా వాళ్లే కదా, మీకు ఈజీ” అన్నారు. ఇంగ్లీషులో రాసుకొచ్చి ఇంగ్లీషులోనే చదవాలి. మేము గైడ్లు, లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాం. ఏ పుస్తకం తీసినా ఒకటే రకం మాట. ఒకచోట ‘లైట్నింగ్ రెయిడ్స్’. ఇంకోచోట ‘విత్ సర్‌ప్రైజింగ్ రాపిడిటీ’. తెలుగు పుస్తకం తీస్తే ‘మెరుపు దాడులు’. మాకు ఆ ఇంగ్లీషు మాట బాగా నచ్చేసింది. నోరు తిరగదు గానీ, తిరిగితే గొప్పగా ఉంటుంది. రాత్రంతా ప్రాక్టీస్ చేశాం. ‘విత్ సర్‌ప్రైజింగ్ రాపిడిటీ.’ ఆశ్చర్యపరిచే వేగంతో.

ఆ మధ్యలో రెండ్రోజులు సెలవొస్తే మాలో ఒకడి ఊరికి వెళ్లాం. చింతపల్లి వైపు. అక్కడ వాడి తాతకి మా పేపరు తెలుగులో చెప్పి వినిపించాం. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు, ఆశ్చర్యపరిచే వేగంతో, మెరుపులాగా, అని.

తాత చుట్ట తీసి పక్కన పెట్టి, “మెరుపేట్రా? మడుసులు నడిసెల్లినారు. రోజూ నడిసే దారే కదా. ఆశ్చర్యం ఏటి అందులో?” అన్నాడు.

మేము నవ్వాం. తర్వాత రాత్రి పడుకున్నాక నవ్వు రాలేదు. నిజమే కదా. ఆశ్చర్యం ఎవరికి? ఆ మాట రాసింది ఎవరు, ఎక్కడ కూర్చుని రాశారు? ఈ పోస్టు అంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందు 1879 సంగతి చెప్తాం. ఎందుకంటే 1922 ఒక్కటే చదివితే నిజంగానే మెరుపులాగా కనబడుతుంది. ఆకాశం ఖాళీగా ఉండి ఉన్నట్టుండి మెరిసినట్టు. కానీ మబ్బు ఎప్పటి నుంచో పట్టి ఉంది.

1879 మార్చిలో రంప కొండల్లో ఫితూరీ మొదలైంది. ఏప్రిల్‌కి విశాఖ జిల్లా గొలుగొండ కొండలకు పాకింది. జూలైకి భద్రాచలం తాలూకా రేకపల్లి దాకా వెళ్లింది. ఐదు వేల చదరపు మైళ్ల ప్రాంతం అంటుకుంది అని చరిత్రకారులు రాశారు. అప్పుడు కూడా సర్కారు వారికి ఆశ్చర్యమే. ఇంత తొందరగా ఎలా పాకింది అని. చివరికి అణచడానికి చుట్టుపక్కల జిల్లాల పోలీసులు చాలక మద్రాసు పదాతి దళం రెజిమెంట్లు ఆరు, సాపర్స్ అండ్ మైనర్స్ కంపెనీలు రెండు తెచ్చారు. 1880 చివరిదాకా పట్టింది.

ఎలా పాకిందో తెలుసుకోవాలంటే పరుగు చూడకూడదు, ప్రతి చోటా ముందు నుంచి ఏం జరుగుతోందో చూడాలి. రంపలో జీలుగు కల్లు మీద పడ్డారు. ఇంట్లో తాగడానికి చెట్టు గీసుకున్నా నేరం అన్నారు. కల్లు కాంట్రాక్టర్లని పెట్టారు. దానిమీద మన్సబుదారు ‘చిగురుపన్ను’ అని ఇంకో పన్ను వేశాడు. మన కొండల్లో జీలుగు కల్లు అంటే ఎండాకాలం ఆకలికి అంబలి లాంటిది. పండక్కీ అదే, పెళ్లికీ అదే, చావుకీ అదే. దాన్ని కొలిచి పన్ను కట్టమంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

రేకపల్లిలో వేరే బాధ. ఆ ప్రాంతం అంతకుముందు సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉండేది. అప్పుడు పోడుకి గొడ్డలికి నాలుగణాలు కట్టేవాళ్లు. మద్రాసు ప్రెసిడెన్సీలో కలిపాక ఆ పన్ను దాదాపు మూడింతలు చేశారు. కొన్ని అడవుల్లోకి అసలు రావొద్దన్నారు.

ఇక అప్పుల సంగతి. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు నోటిమాట మీద అప్పులిచ్చి, తర్వాత కోర్టుకెళ్లి, మనవాళ్లు లేకుండానే డిక్రీలు తెచ్చుకునేవాళ్లు. ఐదు రూపాయల బాకీకి వంద రూపాయల విలువైన గొడ్లు, సరుకు తోలుకెళ్లిన షావుకారు సంగతి సర్కారు వారి విచారణలోనే బయటపడింది. మనవాడికి కోర్టు ఎక్కడుందో తెలీదు. సమను ఏ భాషలో ఉందో తెలీదు. అంతలోనే తీర్పు వచ్చేసింది, గొడ్లు పోయాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ తీర్పు వచ్చిన వేగం చూడండి. రాత్రికి రాత్రి పన్ను మూడింతలైన వేగం చూడండి. వాటి పక్కన ‘సర్‌ప్రైజింగ్ రాపిడిటీ’ అని ఎవరూ రాయలేదు. ఎందుకంటే రాసేవాడికి అది ఆశ్చర్యం కాదు, ఆఫీసు పని. ఆశ్చర్యం మనకి. కానీ మనం అప్పుడు రాసేవాళ్లం కాదు.

తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఆ చట్టం వల్ల రిజర్వు గీతలు గీశారు. నిన్నటిదాకా మన పోడు, మన అడ్డాకు, మన వంటచెరుకు, మన గొడ్ల మేత. గీత పడ్డాక అదంతా దొంగతనం. మా నలుగురి ఊళ్లలోనూ ఇప్పటికీ పెద్దవాళ్లు ‘రిజర్వు’ అనే మాట అంటారు. చదువు రాని అవ్వలకి కూడా ఆ ఇంగ్లీషు మాట ఒక్కటి వచ్చు. అంటే అది ఎంత లోపలికి దిగిందో చూడండి.

ఇప్పుడు 1922కి వద్దాం.

గూడెం ప్రాంతానికి బాస్టియన్ అని ఒక డిప్యూటీ తహశీల్దారు ఉండేవాడు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఘాట్ రోడ్డు వేయిస్తున్నాడు. మనవాళ్లని బలవంతంగా తోలుకెళ్లి పని చేయించేవాడు. కూలి సరిగా ఇచ్చేవాడు కాదు. ఎదురు మాట్లాడితే దెబ్బలు. ఆ రోడ్డు ఎందుకు? సర్కారు వాళ్లు, కలప కాంట్రాక్టర్లు, పోలీసులు కొండమీదకి తొందరగా రావడానికి. అంటే వాళ్ల వేగం కోసం మన వీపులు కావాలి. రోడ్డు లేకపోతే వాళ్లు నెమ్మది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అల్లూరి సీతారామరాజు గారు మన్యం బయట పుట్టినవారు. 1917లో కృష్ణదేవిపేట వచ్చారు. మనవాళ్ల మధ్య ఉండి, మనవాళ్ల బాధ తన బాధ చేసుకున్నారు. ఆయన గొప్పతనం తగ్గించడం మా ఉద్దేశం కాదు, ఎవరూ అలా అనుకోవద్దు. ప్రాణం ఇచ్చిన మనిషి. కానీ ఆయన ఒక్కరే మూడు స్టేషన్లకి ఎగిరి వెళ్లలేదు కదా. ఆయనతో నడిచిన వాళ్ల పేర్లు కూడా చెప్పుకోవాలి. గాం గంటందొర, గాం మల్లుదొర, ఈ ఇద్దరూ అన్నదమ్ములు. గంటందొర బట్టిపనుకుల ముఠాదారు. సర్కారు వారితో గొడవపడి అధికారం, భూమి పోగొట్టుకున్నవాడు. కంకిపాటి ఎండుపడాలు, బోనంగి పండుపడాలు, గోకిరి ఎర్రేసు. ఇలా ఇంకా ఎంతోమంది. మా టెక్స్ట్ బుక్కులో వీళ్లకి ఒక లైను కూడా లేదు. ‘అనుచరులు’ అని ఒక్క మాటలో తేల్చేశారు.

1922 ఆగస్టు 22. సుమారు మూడొందల మంది చింతపల్లి స్టేషన్ మీదకి వెళ్లారు. మరుసటి రోజు కృష్ణదేవిపేట. ఆ మరుసటి రోజు రాజవొమ్మంగి. రాజవొమ్మంగి లాకప్‌లో ఉన్న మొట్టడం వీరయ్యదొరని విడిపించారు. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు తీసుకున్నారు. ఏమేం తీసుకున్నారో స్టేషన్ పుస్తకంలో రాసి మరీ వెళ్లారని మన పెద్దలు చెప్తారు.

మ్యాప్ ముందేసుకుని చూడండి. చింతపల్లి కొండమీద. కృష్ణదేవిపేట కొండ దిగువన. రాజవొమ్మంగి ఇంకో పక్క, అప్పట్లో గోదావరి ఏజెన్సీ లెక్క. అంటే ఒక జిల్లాలో రెండు, ఇంకో జిల్లాలో ఒకటి. కలెక్టరాఫీసుల్లో కూర్చున్న దొరలకి మ్యాప్ మీద ఇది ఎలా కనబడి ఉంటుంది? రోడ్డు లేని చోట, వానాకాలంలో, మూడొందల మంది, రోజుకో స్టేషన్. వాళ్ల లెక్కలో అది జరిగే పని కాదు. అందుకే ఆశ్చర్యం.

మన లెక్కలో చూద్దాం. ఆ వేగం దేనితో తయారైందో మేము నలుగురం కూర్చుని రాసుకున్నాం.

మొదటిది దారి. కొండల్లో దారి లేదు అంటారు. కొండ నిండా దారులే. రోడ్డు లేదు, అంతే. ఊరి నుంచి పోడుకి దారి, పోడు నుంచి ఊటకి దారి, ఊటనుంచి పక్క ఊరికి దారి. చుట్టరికాల దారి వేరే, సంత దారి వేరే. రోడ్డు కొండ చుట్టూ తిరిగి తిరిగి ఎక్కుతుంది. ఎందుకంటే బండి నిటారుగా ఎక్కలేదు. మనిషి ఎక్కుతాడు. మా వాడి తాత చెప్పింది ఏంటంటే, ఆయన చిన్నప్పుడు నెత్తిన చింతపండు మూటతో సంతకి వెళ్లి చీకటి పడకుండా తిరిగొచ్చేవాడట. ఇప్పుడు ఆటోలో వెళ్తే ఆటో నిండేదాకా ఆగడానికే పూట పోతోంది.

రెండోది కబురు. వారానికో సంత. ఒక్కో రోజు ఒక్కో ఊళ్లో. అక్కడ ఉప్పు కొంటారు, ఎండుచేపలు కొంటారు, సంబంధాలు మాట్లాడుకుంటారు, ఏ ఊరికి ఏ దొర వచ్చాడో చెప్పుకుంటారు. టెలిగ్రాఫ్ తీగ సర్కారుకి ఉంటే, సంత మనకి ఉంది. తీగని తెంచొచ్చు, సంతని తెంచలేరు.

మూడోది తిండి. సైన్యం కదలాలంటే ముందు బియ్యం కదలాలి. గుడారాలు, మందులు, తూటాల పెట్టెలు కదలాలి. అవి మోయడానికి మళ్లీ మనవాళ్లనే వెట్టికి పట్టాలి. పట్టినవాడు సగం దారిలో మూట దించేసి తుప్పల్లోకి వెళ్లిపోతే సైన్యం అక్కడే ఆగుతుంది. మనవాళ్లకి ఆ బాధ లేదు. ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు చుట్టం. అంబలి పోసే ఇల్లు ఉంటుంది. అంబలి పోసింది ఎవరు? ఆడవాళ్లు. వాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ రాలేదు. తర్వాత కేసులు, జరిమానాలు, పోలీసు దెబ్బలు పడ్డది మాత్రం ఆ ఇళ్ల మీదే.

నాలుగోది కాలం. ఆగస్టు అంటే కొండల్లో ముసురు. గెడ్డలు పొంగుతాయి. మైదానం పోలీసుకి మన్యం జ్వరం అంటే భయం. వానలో కొండెక్కాలంటే వాడికి కాలు రాదు. అదే వాన మనకి గొడుగు.

ఐదోది, మా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. నలభై ఏళ్లు. 1882 నుంచి 1922 దాకా. రిజర్వు గీత, పోడు కేసులు, వెట్టి, బాస్టియన్ రోడ్డు. మూడు రోజుల పనికి నలభై ఏళ్ల తయారీ ఉంది. మూడు రోజులు మాత్రమే చూసినవాడికి అది వేగం. నలభై ఏళ్లు మోసినవాడికి అది ఆలస్యం.

ఇంకో సంగతి. నిజంగా మనవాళ్ల బలం వేగమే అయితే తర్వాత జరిగినవి అర్థం కావు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ఏం జరిగింది? స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు దళంతో వస్తున్నారు. మనవాళ్లు తుప్పల్లో కదలకుండా కూర్చున్నారు. ముందు నడిచే మన దేశపు పోలీసుల్ని పోనిచ్చారు. వాళ్ల మీద ఒక్క తూటా కాల్చలేదు. వెనక వచ్చిన ఆ ఇద్దర్నే కాల్చారు. అది వేగం కాదు, ఓపిక. ఎవరు శత్రువో, ఎవరు కూటికోసం వచ్చినవాడో చూసుకుని కాల్చిన ఓపిక. ‘మెరుపు’ అన్నామంటే ఈ ఆలోచన అంతా పోతుంది. మెరుపుకి ఎవరిమీద పడాలో తెలీదు.

అక్టోబరు 15న అడ్డతీగల మీదకి వెళ్లారు. ముందే కబురు పెట్టి మరీ వెళ్లారని చెప్తారు. మిరపకాయ టపా గురించి మీరంతా వినే ఉంటారు. అక్కడ పోలీసులు ఆయుధాలు ముందే తీసేయడంతో తుపాకులు దొరకలేదు. 19న రంపచోడవరం. చెప్పి వచ్చేవాడిని పట్టుకుని ‘సర్‌ప్రైజ్’ అనడం ఏంటో మాకు అర్థం కాలేదు.

డిసెంబరు 6న పెదగడ్డపాలెం దగ్గర సర్కారు బలగాలే ఎదురొచ్చాయి. మనవాళ్లు చాలామంది చనిపోయారు. ఆ తర్వాత నాలుగు నెలలు నిశ్శబ్దం. అయిపోయిందిలే అనుకున్నారు. 1923 ఏప్రిల్ 17న రాజు గారు అన్నవరంలో కనబడ్డారు. అంటే వాళ్లకి ఆగడం కూడా తెలుసు. ఊళ్లలో కలిసిపోవడం తెలుసు. పరుగెత్తేవాడిని పట్టుకోవచ్చు. ఊరంతా దాచుకున్న మనిషిని పట్టుకోవడం కష్టం.

సర్కారు మలబార్ స్పెషల్ పోలీసుల్ని తెచ్చింది. తర్వాత అస్సాం రైఫిల్స్‌ని తెచ్చింది. ఎందుకు అస్సాం? వాళ్లు కొండల్లో నడిచేవాళ్లు కాబట్టి. అంటే రెండేళ్లకి సర్కారుకి కూడా తాత చెప్పిన మాటే అర్థమైంది. ఇది మెరుపు కాదు, నడక అని. నడకని నడకతోనే పట్టాలని. రాజు గారి తలకి పది వేలు, గంటందొర, మల్లుదొరలకి వెయ్యేసి వెల కట్టారు. ఆ వెలలో తేడా కూడా ఒకసారి చూడండి. మొత్తం ఈ ఫితూరీని అణచడానికి నలభై లక్షల రూపాయలదాకా అయిందని పుస్తకాల్లో ఉంది. బాస్టియన్ ఎగ్గొట్టిన కూలి డబ్బులు దాంట్లో ఎన్నో వంతు అవుతాయో లెక్క వేయబోయి మానేశాం.

1923 సెప్టెంబరులో మల్లుదొర దొరికాడు. ఉరిశిక్ష వేసి తర్వాత అండమాన్‌కి మార్చారు. 1924 మే 7న రాజు గారిని పట్టుకుని, విచారణ లేకుండా, చెట్టుకి కట్టి కాల్చేశారు. పట్టుకోవడానికి రెండేళ్లు పట్టింది. చంపడానికి ఒక్క పూట చాలింది. కోర్టు అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు. ఇదిగో, ఇది కదా నిజంగా ఆశ్చర్యపరిచే వేగం. నెల తిరిగే సరికి జూన్‌లో గంటందొర కూడా తూటాలకే పోయాడు.

మల్లుదొర అండమాన్ నుంచి బతికి తిరిగొచ్చాడు. దేశానికి స్వతంత్రం వచ్చాక, 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి మొదటి లోక్‌సభలో కూర్చున్నాడు. 1969లో చనిపోయాడు. మా క్లాసులో ఈ సంగతి చెప్తే ఒక్కరికీ తెలీదు. మాకూ అంతకుముందు నెలదాకా తెలీదు, అబద్ధం ఎందుకు.

ఇప్పుడు మాకు ఈ మాట మీద ఎందుకింత పట్టింపో చెప్తాం. ఇది పాత పుస్తకాల గొడవ మాత్రమే అయితే పోస్టు పెట్టేవాళ్లం కాదు.

మాలో ఒకడు ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇంట్లో మాట్లాడేది కువి. తెలుగే వాడికి రెండో భాష. డిగ్రీలో ఇంగ్లీషు మీడియం. మొదటి సెమిస్టర్లో రెండు సబ్జెక్టులు పోయాయి. రెండో సెమిస్టర్లో అన్నీ పాసయ్యాడు. క్లాసులో అందరిముందు ఒక సారు, “ఏజెన్సీ నుంచి వచ్చి కూడా సర్‌ప్రైజింగ్‌గా ఫాస్ట్‌గా పికప్ అయ్యావయ్యా” అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు, మాకు తెలుసు. వాడు కూడా థ్యాంక్స్ చెప్పాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

రూముకొచ్చాక వాడు అన్నం తినలేదు. అడిగితే ఒకటే మాట. “మిగతావాళ్లు పాసైతే పాసయ్యారంటారు. నేను పాసైతే ఆశ్చర్యం అంటారేంట్రా.”

ఆ రోజు మాకు సమాధానం దొరకలేదు. తాత మాట విన్నాక దొరికింది. వాడు ఆర్నెల్లు రాత్రి పదకొండు తర్వాత వరండా లైటు కింద చదివాడు. డిక్షనరీ అట్ట ఊడిపోయేదాకా వాడాడు. ఇంటికి ఫోన్ చేయడం మానేశాడు. అది మేము చూశాం కాబట్టి మాకు ఆశ్చర్యం లేదు. చూడనివాళ్లకి రిజల్ట్ రోజు ఒక్కటే కనబడింది, కాబట్టి మెరుపు. 1922 ఆగస్టులో జరిగింది కూడా అంతే. వెనక నడక చూడనివాడు ముందు గమ్యం చూసి ఆశ్చర్యపోతాడు. ఆ ఆశ్చర్యంలో మెచ్చుకోలు ఉంది, కాదనం. కానీ దాని అడుగున ఇంకోటి ఉంది. ‘వీళ్లవల్ల అవుతుందనుకోలేదు’ అని.

ఇంకొక సందేహం మాలోనే ఒకడికి వచ్చింది. “మెరుపు అంటే పొగడ్తే కదా, మన వీరుల్ని గొప్పగా చెప్తుంటే మనమెందుకు కాదనాలి?” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. దానిమీద రెండు రాత్రులు వాదించుకున్నాం. చివరికి మేము అనుకున్నది ఇదీ. మెరుపు అన్నామంటే అది దైవం పని, మాయ. రాజు గారికి మంత్రాలు వచ్చని, తూటాలు తగలవని కథలు చెప్పుకున్నట్టే. ఆ రోజుల్లో ఆ నమ్మకం ధైర్యం ఇచ్చి ఉంటుంది, దాన్ని మేము ఎగతాళి చేయం. కానీ మెరుపుని ఎవరూ నేర్చుకోలేరు. నడకని నేర్చుకోవచ్చు. దారి తెలుసుకోవడం, కబురు నడిపించడం, ఊరు ఊరికి అన్నం పెట్టడం, ఎప్పుడు ఆగాలో తెలియడం, ఇవన్నీ మనుషులు చేసిన పనులు. మనుషులు చేసినవి మళ్లీ మనుషులు చేయగలరు. 1917 భూబదలాయింపు చట్టం, ఆ తర్వాత 1970లో వచ్చిన 1/70, ఇవన్నీ ఈ నడకల వెనకే వచ్చాయి. మెరుపు చూసి ఎవరూ చట్టం చేయరు.

సెమినార్ రోజు ఏమైందో కూడా చెప్పేస్తాం. పేపర్లో ఆ వాక్యం కొట్టేశాం. రాత్రంతా నేర్చుకున్న మాట కొట్టేయడానికి బాధేసింది, నిజం చెప్పాలంటే. దాని బదులు ఇలా రాశాం: వాళ్లు తమకు తెలిసిన దారిలో నడిచారు, రోజుకో స్టేషన్ చేరారు, ప్రభుత్వం దీన్ని ఊహించలేదు. మా ఇంగ్లీషులో అది చాలా మామూలు వాక్యం. బరువైన మాట ఒక్కటీ లేదు.

మార్కులు వేసే మేడం ఆ చోట ఆగి, “దారి గురించి చెప్పారు కదా, రిఫరెన్స్ ఏది?” అన్నారు. మా దగ్గర లేదు. ‘మా ఫ్రెండ్ తాత’ అని రాయలేకపోయాం. ఆమె తప్పు కాదు. రాసి లేదు కాబట్టి అడిగారు. సగం మార్కులు అక్కడ పోయాయి.

అందుకే ఈ పోస్టు. మీలో చింతపల్లి, కొయ్యూరు, జి.మాడుగుల, రాజవొమ్మంగి, అడ్డతీగల, వై.రామవరం వైపు వాళ్లు చాలామంది ఉన్నారు. సెలవులకి ఇంటికి వెళ్తారు. వెళ్లినప్పుడు మీ తాతల్ని, అవ్వల్ని, మామల్ని అడగండి. రోడ్డు రాకముందు సంతకి ఏ దారిన వెళ్లేవాళ్లు? ఏ ఊట దగ్గర ఆగేవాళ్లు? ఏ మెట్ట దాటితే ఏ ఊరు వచ్చేది? ఎంత పొద్దుకి బయల్దేరితే ఎంత పొద్దుకి చేరేవాళ్లు? ఆ మెట్టల పేర్లు, గెడ్డల పేర్లు మన భాషలోనే రాసుకోండి. ఫోన్లో రికార్డు చేయండి. ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ తేదీన చెప్పారు అని కింద రాయండి. అదే రిఫరెన్స్. మేడం అడిగింది అదే.

మా వాడి తాతది మేము మొదలుపెట్టాం. చింతపల్లి నుంచి కొండ దిగేదాకా పదకొండు పేర్లు చెప్పాడు. రెండు చోట్ల ఆగి, “ఇప్పుడు ఆ దారి మూసుకుపోయుంటాది, తుప్పలు పెరిగిపోయుంటాయి” అన్నాడు. వానలు తగ్గాక ఒకసారి నడిచి చూద్దామని అనుకుంటున్నాం. తాత రాలేడు, మోకాళ్లు నొప్పి. “మీ కాళ్లకి రెండ్రోజులు పడతాది, మావోళ్లకి ఒక్క పూట” అని నవ్వాడు.

మీలో ఎవరైనా వస్తామంటే కింద రాయండి. చెప్పులు గట్టివి వేసుకుని రండి.

జోహార్లు.
హాస్టల్ రూములో నలుగురం